మధ్యాహ్నం పూట మాట్లాడే పిల్ల

స్టూడియోలో అందరూ ఆమెను గొంతమ్మ అనేవారు. ఎగతాళికి కాదు, ఆమె బతుకుతెరువే అది. పిల్లల కార్టూన్లకు డబ్బింగ్ చెప్పేది. నలభైకి రెండేళ్ళ దూరంలో ఉన్న మనిషి, మైకు ముందు నిలబడి కళ్ళు సగం మూసుకుందంటే చాలు, గాజు అద్దానికి అవతల కూర్చున్నవాళ్ళకు ఆరేళ్ళ పిల్ల కిలకిల వినపడేది. ఏడేళ్ళుగా నడుస్తున్న ఒక సీరియల్లో మిడత అనే పిల్లకు గొంతు ఆమెదే. ఒకచోట కాలు నిలవని పిల్ల కాబట్టి దానికి ఆ పేరు.

కొత్తగా వచ్చినవాళ్ళు, "మీకు ఎంతమంది పిల్లలు మేడమ్? ఇంత సహజంగా ఎలా వస్తుంది?" అని అడిగేవారు.

"మిడత ఒక్కతే. దాని అల్లరే పడలేక చస్తున్నాను, ఇంకొకరు కూడానా?" అనేది గొంతమ్మ. అందరూ నవ్వేవారు. ఆ జవాబు ఆమెకు ఎంత బాగా పట్టుబడిందంటే, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ నవ్వు మొదలుపెట్టాలో కూడా కుదిరిపోయింది.

పెళ్ళయి పదకొండేళ్ళు. ఆస్పత్రి మెట్లు ఎక్కడం మొదలుపెట్టి ఆరేళ్ళు. ఆలుమగలిద్దరి నుంచీ కణాలు తీసుకుని ల్యాబులో తయారుచేసిన పిండాలను మూడుసార్లు కడుపులో పెట్టారు. మూడుసార్లూ పద్నాలుగో రోజు రక్తపరీక్ష కాగితం మీద ‘నెగెటివ్’ అన్న ఒకటే మాట. ఇంకా రెండు పిండాలు మిగిలాయి. ఆస్పత్రి అడుగు అంతస్తులో, పొగలు కక్కే చల్లటి ట్యాంకులో, గడ్డకట్టించి దాచారు వాటిని. తేదీ చెబితే పెడతామని ఎనిమిది నెలలుగా ఫోన్లు చేస్తున్నారు. గొంతమ్మ ఒకసారి ఎపిసోడ్లు పేరుకుపోయాయని, ఒకసారి జలుబని, ఒకసారి అత్తగారి కంటి ఆపరేషనని వాయిదా వేస్తూ వచ్చింది. అబద్ధాలు కావు అవి. కానీ అసలు సంగతి అదీ కాదు. ఆ రెండూ ట్యాంకులో ఉన్నంతకాలం ఉన్నట్టే. బయటికి తీస్తే ఏదో ఒకటి తేలిపోతుంది.

ఈ ఆరేళ్ళలో ఆమె ఏడవలేదు. ఏడిస్తే గొంతు బొంగురుపోతుంది, రెండు రోజులు పనికిరాదు. ఆస్పత్రిలో మనసు సంగతులు కనుక్కునే డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. మూడోసారి పోయాక ఆవిడ దగ్గరికి పంపించారు. "బాగానే ఉన్నానండీ. దొరికినవాటితో సరిపెట్టుకోవాలి కదా" అంది గొంతమ్మ, వణుకు లేకుండా, వీణ తీగలాంటి గొంతుతో.

డాక్టరమ్మ కాసేపు ఆమెనే చూసి, "మీ గొంతు చాలా బాగుంది. అందుకే నాకు నమ్మకం కలగటం లేదు" అంది. గొంతమ్మ మళ్ళీ ఆ గదికి వెళ్ళలేదు.

మొదటి వింత స్టూడియోలోనే జరిగింది.

సౌండ్ ఇంజనీరు చెవుల చుట్టూ మాత్రమే జుట్టు మిగిలిన పెద్దాయన. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టగల చెవులు ఆయనవి. ఒకరోజు టేకు అయ్యాక, అద్దం అవతలి నుంచి, "అమ్మా, ఇదెక్కడిది? కాగితంలో లేదే" అన్నాడు.

"ఏది బాబాయ్?"

ఆయన మళ్ళీ వేశాడు. హెడ్‌ఫోన్లలో మిడత, "దమ్ముంటే పట్టుకోండి!" అని అరిచి పరుగెత్తింది. తర్వాత రెండు క్షణాల నిశ్శబ్దం. తర్వాత అదే గొంతు, అరుపు లేకుండా, పక్కన కూర్చున్న మనిషిని అడిగినట్టు, "ఇంకా ఎంతసేపు?" అంది.

గొంతమ్మకు ఆ మాట అన్న జ్ఞాపకం లేదు. "ఆకలేసి అనేసుంటాను" అంది.

"ఆకలేస్తే నీ గొంతుతో అనుకుంటావు గానీ, మిడత గొంతుతో అనుకుంటావా?" అని పెద్దాయన నవ్వి, ఆ ముక్క కత్తిరించేశాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి రెండు డైలాగుల మధ్య, ఆమె మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టిన చప్పుడు వెనకాల. "చలిగా ఉంది."

పెద్దాయన ఈసారి నవ్వలేదు. "ఏసీ తగ్గించమంటావా అమ్మా?" అన్నాడు.

ఆమె భుజాల మీద శాలువా ఉంది. అరికాళ్ళు మాత్రం ఒక్కసారిగా చల్లబడిపోయాయి. ట్యాంకు సంగతి స్టూడియోలో ఒక్కరికీ తెలియదు. ఆ రోజు నుంచి డైలాగు అవగానే పెదాలు బిగపట్టి, చేత్తో నోరు మూసుకుని నిలబడేది. దాంతో స్టూడియోలో ఆ మాటలు ఆగిపోయాయి.

ఆగిపోయాయనుకుంది.

గొంతమ్మ పొద్దుటి పని ముగించుకుని ఒంటిగంటకు ఇల్లు చేరేది. తిని, హాల్లో దివాను మీద ఓ గంట నడుం వాల్చి, మళ్ళీ ఐదింటికి స్టూడియోకు వెళ్ళేది. కంటి ఆపరేషను తర్వాత టీవీ చూడొద్దన్నారు కాబట్టి అత్తగారు ఆ హాల్లోనే, కిటికీ పక్క కుర్చీలో, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చునేది. ఆవిడ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగంలో అంత మాట్లాడింది కాబోలు, ఇంట్లో మాట పొదుపు. కోడల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. పిల్లల ఊసు ఎత్తలేదు. బంధువులు ఎత్తితే, "మీ ఇంట్లో నీళ్ళొస్తున్నాయా?" అని మాట దాటేసేది. ఆ మౌనం చూసి గొంతమ్మకు ఎప్పుడూ ఒకటే అనిపించేది. తిట్టినా బాగుండును, మనసులో ఏముందో తెలిసేది.

భర్త లిఫ్టు మెకానిక్కు. పగలంతా ఎవరివో భవనాల్లో, తాళ్ళకీ చక్రాలకీ మధ్య ఉంటాడు. ఒక సాయంత్రం భార్యతో, "ఇవాళ మధ్యాహ్నం పానా మరిచిపోయి ఇంటికొచ్చాను" అన్నాడు.

"నాకు తెలీనే లేదు. పడుకున్నాను."

"తెలుసు." అతను చేతులకంటిన గ్రీజు చాలాసేపు తుడుచుకున్నాడు. "తలుపు బయట ఉండగానే లోపల్నుంచి మాటలు వినపడ్డాయి. అమ్మ ఎవరో చిన్నపిల్లతో మాట్లాడుతోంది. పక్కింటి పిల్లేమో అనుకున్నా. తలుపు తీస్తే అమ్మ కుర్చీలో ఉంది, నువ్వు నిద్రలో ఉన్నావు. ఇంకెవరూ లేరు."

"రేడియో అయ్యుంటుంది."

"అమ్మ కూడా అదే అంది." అతను తలెత్తలేదు. "మన రేడియోలో బ్యాటరీలు పోయి ఏడాదైంది."

గొంతమ్మ లేచి అతనికి సబ్బు అందించింది. మర్నాడు అత్తగారిని అడిగింది, మామూలుగా, బట్టలు మడతపెడుతూ. "మధ్యాహ్నాలు ఎవరైనా వస్తున్నారా అత్తయ్యా?"

"ఎవరొస్తారు? ఈ ఎండలో పిట్ట కూడా రాదు" అంది అత్తగారు. కానీ చెప్పేముందు ఒక్క క్షణం ఆగింది. మాటల మధ్య ఖాళీలు చూసి బతికే మనిషి గొంతమ్మ. ఆ క్షణం ఆమె చెవి దాటిపోలేదు.

వారం రోజులు తటపటాయించాక ఒక మధ్యాహ్నం ఫోన్లో రికార్డింగు పెట్టి, దిండు కింద దోపి పడుకుంది. నిద్ర రాదనుకుంది గానీ, తల వాల్చగానే రాయిలా మునిగిపోయింది.

సాయంత్రం స్టూడియోకు అరగంట ముందే వెళ్ళింది. ఖాళీగా ఉన్న డబ్బింగ్ గదిలో తలుపు బిగించుకుని, పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నది. మొదటి ఇరవై మూడు నిమిషాలు ఫ్యాను చప్పుడు, కింద వీధిలో ఏదో బండి హారను. తర్వాత తన ఊపిరి బరువెక్కి, సన్నటి గురక మొదలైంది. ఆ తర్వాత, చాలా దగ్గరగా:

"ఎవరైనా ఉన్నారా?"

మిడత గొంతు. కాదు, మిడత గొంతు వెనక ఉండే గొంతు. అల్లరి లేదు, నటన లేదు.

కుర్చీ కిర్రుమంది. అత్తగారు, "ఉన్నానమ్మా. చెప్పు" అంది.

"మొన్నా మీరేగా?"

"నేనే. రోజూ నా డ్యూటీయే."

"ఇంకా ఎంతసేపు?"

"నాకు తెలీదు తల్లీ. అది నా చేతిలో లేదు."

"ఇక్కడ చలిగా ఉంది."

"తెలుసు. ఓర్చుకో."

తర్వాత ఆ పిల్ల, "అమ్మకి నా మీద కోపమా?" అని అడిగింది.

"కోపం కాదే. భయం. తలుపు తీస్తే ఎవరూ ఉండరేమోనని అసలు తలుపే తియ్యటం లేదు."

"నేను రాలేకపోతే?"

అత్తగారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "రాగలిగితే రా. నీకు చోటుంది. రాలేకపోతే, రాలేకపోయావు. అంతే. నీ మీద ఎవరికీ కోపం లేదు. మీ అమ్మ మీదా లేదు. ఆ మాట దానికి ఇంతవరకూ ఎవరం చెప్పలేదు. నాకు నోరు రాలేదు. నువ్వైనా చెప్పు."

"సరే" అంది పిల్ల.

గొంతమ్మ వెనక్కి తిప్పి మళ్ళీ విన్నది. మూడోసారి విన్నప్పుడు ఇంకో సంగతి తెలిసింది. పిల్ల మాట్లాడుతున్నంతసేపూ కింద తన గురక ఆగలేదు. "ఇక్కడ చలిగా ఉంది" అన్న మాట కిందనే, అదే క్షణంలో, తన ఊపిరి తీరిగ్గా లోపలికి వెళ్ళి బయటికి వస్తోంది. ఒక మనిషి నోటి నుంచి ఆ రెండూ ఒకేసారి రావడం కుదరదు. ఇరవై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్న మనిషికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

కానీ ఆమెను కూలదోసింది అది కాదు. తన మీద ఎవరికీ కోపం లేదన్న మాట. ఎక్కడో నాభి దగ్గర మొదలైన ఏడుపు ఏ గొంతునూ అడక్కుండా పైకి వచ్చేసింది. చుట్టూ చప్పుడు బయటికి పోని గోడలు. వంగిపోయి, మైకు స్టాండు పట్టుకుని, ఆరేళ్ళదీ కలిపి ఏడ్చింది.

అద్దం అవతల దీపం వెలిగింది. పెద్దాయన వచ్చాడు. ఆయన ముందున్న యంత్రంలో ముల్లు ఎగిరెగిరి పడుతోంది. ఆయన ఒక్కసారి తలెత్తి చూసి, చెయ్యి చాచి మైకు ఆపేశాడు. తలుపు తీసి వరండాలోని వాళ్ళతో, "ఇవాళ పని లేదు, మైకు చెడిపోయింది, అందరూ ఇళ్ళకు పోండి" అనడం అద్దంలోంచి కనపడిన పెదాల కదలికను బట్టి ఆమెకు తెలిసింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వంటింట్లో బఠాణీలు ఒలుస్తోంది. గొంతమ్మ ఎదురుగా కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?" అంది. గొంతు బొంగురుగా, చిలుమెక్కిన తలుపులా ఉంది.

అత్తగారు ఆ గొంతు వినగానే బుకాయించడం మానేసింది. "మూడోసారి పోయినప్పటి నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మాట్లాడటం మానేస్తుందేమోనని."

"ఎవరు? నేనా, అదా?"

"ఏమో. ఎవరైతేనేం." ఆవిడ గింజలు గిన్నెలోకి రాల్చింది.

"నిద్రలో మాట్లాడేవాళ్ళకి జవాబు చెప్పకూడదంటారు కదా?"

"నాకు తెలిసిందల్లా ఎక్స్ఛేంజీ. లైన్లో ఎవరైనా హలో అంటే, ఎవరు, ఏ ఊరు అని ఆరా తీసి పలికేదాన్ని కాదు. ముందు పలికేదాన్ని. అవతలివాళ్ళు ఏ అవస్థలో ఉన్నారో ఎవరికెరుక?"

గొంతమ్మ ఇంకో కాయ తొక్క చీల్చింది. "ఆ మాట నాకే చెప్పొచ్చుగా. కోపం లేదని" అంది.

"మెలకువగా ఉన్నవాళ్ళతో కష్టమమ్మాయ్. మొహంలోకి చూస్తారు" అంది అత్తగారు. తర్వాత మొహం గిన్నెలోనే పెట్టుకుని, "లేదు. కోపం లేదు. నువ్వెక్కడ విరిగిపోతావోనని నోరు కుట్టేసుకున్నాను. అదే తప్పేమో" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర లిఫ్టు మెకానిక్కు కూడా ఒక సంగతి బయటపెట్టాడు. పానా మరిచిపోవడం ఆ ఒక్కసారే. ఆ తర్వాత మూడుసార్లు మధ్యాహ్నం పనిగట్టుకుని వచ్చాడు. తలుపు తియ్యలేదు. చెప్పులు విప్పి, మెట్ల మీద కూర్చుని విన్నాడు.

"లోపలికొస్తే ఆగిపోతుందని" అన్నాడు. "మీ ఇద్దరికీ ఉంది మాట్లాడటానికి. నాకూ ఏదో అడగాలని ఉండేది. ఏం అడగాలో తెలీక మళ్ళీ పనికి పోయేవాణ్ణి."

ఆ వారమే గొంతమ్మ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. రికార్డింగు వినిపించలేదు. ఎందుకో అది ఇంటి మాట అనిపించింది. భయపడుతున్నానని మాత్రం చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పడానికి పావుగంట పట్టింది. గొంతు నాలుగు చోట్ల జారింది. డాక్టరమ్మ, "ఇప్పుడు నమ్ముతున్నాను" అని, మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది. ఆ తర్వాత ప్రతి బుధవారం వెళ్ళింది. రెండు వారాలకు భర్తనూ తీసుకెళ్ళింది. పిండాలు పెట్టడానికి తేదీ ఖాయం చేసుకున్నది ఆ గదిలోంచి బయటికొచ్చిన రోజే. ఇదే ఆఖరని ఇంట్లో ముగ్గురూ ముందే అనుకున్నారు.

రెండూ ఒకేసారి పెట్టారు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం పిల్ల మాట్లాడలేదు. గొంతమ్మ పడుకుని లేచి అత్తగారి వైపు చూసేది. ఆవిడ తల అడ్డంగా ఊపేది. చలి తగ్గింది కాబోలు, అనుకునేవారు ఇద్దరూ. పైకి అనేవారు కాదు.

పద్నాలుగో రోజు కాగితం వచ్చింది. అదే మాట.

భర్త ఆస్పత్రి నుంచి ఇంటిదాకా ఆమె చెయ్యి వదల్లేదు. ఇంటికొచ్చాక అత్తగారు ఏమీ అడగకుండా కోడలి మొహంలోకి నేరుగా చూసింది. దగ్గరికి తీసుకుంది. ముగ్గురూ ఆ రోజు ఏడ్చారు. ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకోలేదు. మర్నాడు అతను పనికి వెళ్ళాడు. గొంతమ్మకు వారం సెలవు.

మధ్యాహ్నం దివాను మీద పడుకుంది గానీ నిద్ర పట్టలేదు. కళ్ళు మూసుకుని ఉంది, పూర్తి మెలకువగా. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎక్కడో నీళ్ళ మోటారు ఆగింది. ఇంకే చప్పుడూ లేదు.

"ఊఁ" అంది అత్తగారు.

గొంతమ్మ కదల్లేదు.

"ఊఁ. అలాగే. చెప్తాలే." కొంచెం ఆగి, "లేదు, నిద్రపోలేదు. వింటూనే ఉంది. అయినా నేను చెప్తాలే, నువ్వు పద."

గొంతమ్మ కళ్ళు తెరిచింది. అత్తగారు నల్ల కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుని, దివానుకు కాస్త పక్కగా, నేలకు మూరెడు ఎత్తున, ఏమీ లేనిచోటుకు చూస్తోంది.

"ఎవరితో అత్తయ్యా?"

"నీకు వినపడలేదూ?"

"లేదు."

అత్తగారు ఆమె వైపు తిరిగింది. "వెళ్ళొస్తానంది" అంది.

"మీరేమన్నారు?"

"జాగ్రత్తగా వెళ్ళమన్నాను. ఏమంటాను మరి?"

ఆవిడ నిజంగా విన్నదో, కోడలి కోసం అల్లిందో గొంతమ్మకు తెలియలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా అడగలేదు. అడిగితే ఆవిడ ఏదో ఒకటి చెప్పి ఉండేదే. విన్నానన్నా, అల్లానన్నా, రెండోది పోయేది.

అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. గోడ తడుముకుంటూ వెళ్ళి వీధి తలుపు తీసింది. గడప దగ్గర నిలబడింది, చుట్టాలు మలుపు తిరిగేదాకా చూసేవాళ్ళు నిలబడినట్టు. బయట వరండాలో లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు, అది కిందికి దిగుతున్న హోరు, దివాను దాకా వినిపించాయి. కింద ఎవరో మీట నొక్కి ఉంటారు. ఎవరైనా నొక్కవచ్చు.

ఆ హోరు పూర్తిగా ఆగాక అత్తగారు తలుపు వేసింది. గడియ పెట్టి వచ్చి, దివాను చివర కోడలి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"కాసేపు పడుకుంటావా, టీ పెట్టనా?" అంది.

"మీరు కూర్చోండి అత్తయ్యా. నేను పెడతాను" అంది గొంతమ్మ. కానీ లేవలేదు. ఆవిడా లేవమనలేదు.